ఇంటికో చెయ్యి

ఏమండీ,

ఈ సాయంత్రం కాలనీ ఉమ్మడి వంట మన వంతు. బియ్యం కడిగి పెట్టాను. రెండు కిలోల కందిపప్పు ఉడికించి, గోంగూర వేసి ఎనపండి. నలభైమూడు మంది తింటారు. బోరు నీళ్ళు ఆరింటికి ఆపేస్తారు, ఫోన్లో ఈ మెసేజీ చూడగానే బయల్దేరి, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి ఎక్కడా నిలబడకుండా రండి.

నేను కాలనీ మీటింగుకి వెళ్తున్నాను. ఉమ్మడి వంట ఉంచాలా, ఎత్తెయ్యాలా అని ఇవాళే ఓటు. పక్కింటి ఐలమ్మగారి వంతు రోజు కారం మీకు పడదు కాబట్టి ఎవరి పొయ్యి వాళ్ళదే అంటారని తెలుసు. నాకు మాత్రం పదకొండు రోజులకోసారి వండడం బాగానే ఉంది.

ఐలమ్మగారే వచ్చి, "ఒక్కపూట మొగోళ్లను వండనీ, నువ్వు నడు చెల్లె" అన్నారు.

ఓటుకి ఇంటికో చెయ్యి అని రూలు రాసింది మీరే. ఎవరి చెయ్యో రాయలేదు. ఇవాళ మనింటి చెయ్యి నేను ఎత్తుతాను.

మీకు పెరుగు విడిగా తీసిపెట్టాను, మీ చేతి కారమే మండితే కలుపుకోండి.

సీతామహాలక్ష్మి

మరిచాను, వంటింటి కిటికీ తెరిచే ఉంచాను. అక్కడ నిలబడితే మీటింగు కనిపిస్తుంది. ఏమంటున్నారో వినపడదు. ఆరేళ్ళుగా చూస్తున్నాను.