పడుకుంటే తగ్గే నొప్పి

ప్రియమైన బొమ్మల బావకు,

మనుషుల్ని బయటినుంచి చూస్తే గుర్తుపట్టవు గానీ, స్కాన్‌లో లోపలి బొమ్మ చూపిస్తే వెంటనే చెప్పేస్తావని అక్క ఎప్పుడూ నిన్ను ఆటపట్టిస్తుంది కదా. అందుకే ఈ కవర్లో నా తలకాయ పంపిస్తున్నాను. స్కాన్ ఫిల్ములు మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టాను. అద్దాల కొట్టువాడికి ప్యాకింగ్ ఒకరు నేర్పాలా.

ఫోన్ చేయొచ్చుగా, ఉత్తరమేమిటి అని చిరాకు పడకు. ఫోను చెవిన పెడితే అవతలివాళ్ళు నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. మీ చెల్లెలి చేత మాట్లాడిద్దామంటే, మా ఆవిడ సంగతి నీకు తెలుసుగా, నేను చెప్పినదాంట్లో సగమే నీకు చేరుతుంది. ఆ సగంలోనూ నన్ను తిట్టినవే ఎక్కువ.

విషయం తలనొప్పి. ఎండలు ముదిరినప్పుడు మొదలైంది, ఇప్పటికీ వదల్లేదు. మెడ వెనకనుంచి తలను ఎవరో కిందికి లాగుతున్నట్టుంటుంది. ఆ మధ్య ఒక ఆఫీసు కిటికీకి పెద్ద అద్దం ఎత్తుతూ నిచ్చెన మీదే తూలాను. అద్దం పోయింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి నిచ్చెన ఎక్కలేదు. కొట్టు మీ చెల్లెలే చూసుకుంటోంది, కొలతలూ తనే, కోతలూ తనే. సాయంత్రం కొట్టు మూసి పైనున్న ఇంట్లోకొచ్చి నన్ను చూసి, "మీకు మంచమే పెళ్ళాం, నేను వంటమనిషిని" అంటుంది. నవ్వుతూనే అంటుంది గానీ అది ఇదివరకటి నవ్వు కాదు.

చూపించుకోని డాక్టరు లేడు. ఒకరు కళ్ళజోడు మార్చారు, ఒకరు మెడకు పట్టీ వేశారు, ఒకాయన దిగులుకు మాత్రలిచ్చాడు. చివరికి ఆపరేషన్ల డాక్టరు స్కాన్ తీయించి పట్టుకున్నాడు. మెదడు కింది కొస పుర్రె అడుగున ఉండే రంధ్రంలోకి జారిందట. నాకు పుట్టుకతోనే పుర్రె వెనక భాగం ఇరుకట. అక్కడ ఎముక కొంత తీసేసి చోటు చేస్తానన్నాడు. తేదీ కూడా ఇచ్చాడు, వచ్చే నెల మొదట్లో. నొప్పి ఎప్పుడుంటుంది అని అడిగితే ఎప్పుడూ ఉంటుందని చెప్పాను.

ఒక్కసారి చూసి సరే అను బావా. నువ్వు సరే అంటే ధైర్యంగా వెళ్తాను. భయంగా ఉంది, ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. స్కాన్ ఒక్కటే బాగుంది. అంత రొదలోనూ ఆ గొట్టంలో హాయిగా నిద్రపోయాను. బయటికి లాగి లేపాల్సి వచ్చిందని అక్కడివాళ్ళు ఒకటే నవ్వు. పెన్సిల్ రాతకు ఏమీ అనుకోకు.

నీ అద్దాల బావమరిది


ప్రియమైన మొద్దబ్బాయికి,

ఫిల్ములు అందాయి. అందిన దగ్గర్నుంచి వాటిని లైటు పెట్టె మీద పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం, ఇదే పని. కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాను. "మా తమ్ముడి తల ఎలా ఉందో చెప్పరేం" అని మీ అక్క నా వెనకే తిరుగుతోంది.

కొస జారిన మాట నిజమే. మీ డాక్టరు సరిగ్గానే చూశాడు. ఎందుకు జారిందన్నదే నాకు మింగుడుపడటం లేదు.

తల బద్దలైపోతున్నవాడెవడూ ఆ గొట్టంలో నిద్రపోడు. ఏ నొప్పీ లేనివాళ్ళే ఆ రొదకు బెదిరి మధ్యలో బయటికి తీయమంటారు. నువ్వెలా నిద్రపోయావు? ఇంకొకటి. నేనిచ్చిన పెన్ను జేబుకు తగిలించుకుని ఊరంతా చూపించుకునే మనిషివి, పెన్సిల్‌తో ఎందుకు రాశావు?

నీళ్ళు నమలకుండా చెప్పు. నొప్పి ఎప్పుడూ ఉంటుందన్నావే, అది నిజమేనా? జవాబు వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

మీ బావ


ప్రియమైన బావకు,

దొరికిపోయాను. అబద్ధాలు కూడా ఆ ఫిల్ముల్లో పడతాయని తెలియదు.

నొప్పి ఎప్పుడూ ఉండదు. పడుకుంటే పోతుంది, చేత్తో తీసేసినట్టు పోతుంది. లేచి నిలబడితే కాసేపటికి మళ్ళీ మొదలు. అందుకని పడుకునే తింటున్నాను, పడుకునే పేపరు చదువుతున్నాను, ఇప్పుడు నీకు పడుకునే రాస్తున్నాను. వెల్లకిలా పడుకుని కాగితం పైకెత్తి రాస్తే నువ్విచ్చిన పెన్నులో సిరా దిగి రాదు.

ఎందుకు చెప్పలేదంటావా. మొదట్లో ఒక డాక్టరుకు చెప్పాను. "పడుకుంటే బాగుంటుందా? నాకూ బాగుంటుందయ్యా" అన్నాడు. నర్సు నవ్వింది. మీ చెల్లెలు నవ్వలేదు, తల దించుకుంది. అది నేను తట్టుకోలేకపోయాను. ఆ తర్వాత ఎవరడిగినా ఎప్పుడూ ఉంటుందనే చెప్పాను. బద్ధకస్తుడు అనిపించుకోవడం కన్నా రోగిష్ఠివాడు అనిపించుకోవడమే నయమనిపించింది. డాక్టర్ల దగ్గరికి వెళ్ళినా, పిలిచేదాకా మా వ్యాన్‌లో పడుకుని, పిలిచాక లేచి లోపలికి వెళ్ళేవాణ్ణి. వాళ్ళకేమో నేను నిక్షేపంలా కనిపించేవాణ్ణి.

అద్దాన్ని నిలబెట్టే మోస్తాం బావా. పడుకోబెట్టి మోస్తే తన బరువుకు తనే పగులుతుంది. నా తలకు అన్నీ తిరకాసే. నాకేమైనా పిచ్చి పడుతోందా? అదైనా దాచకుండా చెప్పు.

సంతకం పెట్టేశాను. నీ ఉత్తరం ఆ తర్వాతే వచ్చింది.

నీ బావమరిది


ప్రియమైన బావమరిదికి,

పిచ్చి కాదు. ఆ ముక్క ముందు రాసి మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని మళ్ళీ ఫిల్ముల దగ్గరికి పరిగెత్తాను. మెదడు పుర్రెలో నీళ్ళలో తేలుతూ ఉంటుంది. ఆ నీరే వెన్ను పొడుగునా కూడా ఉంటుంది. వెన్నులో ఎక్కడైనా సన్నటి చిల్లు పడి నీరు కారిపోతే, నిలబడ్డప్పుడు మెదడు కిందికి దిగుతుంది, పడుకుంటే మళ్ళీ తేలుతుంది. నీ ఫిల్ముల్లో మెదడు చుట్టూ ఉన్న పొర మందంగా తెల్లగా మెరుస్తోంది, రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయి. పుట్టుకతో పుర్రె ఇరుకైనవాళ్ళకు ఇవి ఉండవు. మొదటిసారి కూడా ఇవి నాకు కనిపించాయి గానీ, నువ్వు నొప్పి ఎప్పుడూ ఉంటుందని రాసేసరికి లెక్క కుదరలేదు. ఇది అరుదైన జబ్బు. నేను ఇన్నాళ్ళ ఉద్యోగంలో చూసినవి ఒకటో రెండో.

చిల్లును కళ్ళారా చూసేదాకా ఇది నా అనుమానమే. నేను పొరబడితే నీ ఆపరేషన్ ఆలస్యం చేసిన పాపం నాది. నేను అనుకున్నదే నిజమైతే, ఆ ఎముక తీసేసినా నొప్పి తగ్గదు సరికదా, జారేది ఇంకా జారవచ్చు. ఈ రెండు భయాల మధ్య నాకు తిండి సయించడం లేదు. మీ అక్క మీద అకారణంగా విసుక్కుంటున్నాను.

ఉన్నపళంగా మా ఆస్పత్రికి రా. వెన్నులోకి రంగుమందు ఎక్కించి స్కాన్ తీస్తే, మందు ఎక్కడ బయటికి పోతోందో కనిపిస్తుంది. అద్దాల వ్యాన్‌లోనే పరుపు వేయించుకుని పడుకుని రా.

ఇక కింది నాలుగు ముక్కలు చెల్లెమ్మకు. అమ్మా, వీడు సుఖానికి పడుకోవడం లేదు. వీడికి తెలిసిన మందు అదొక్కటే, పాపం సిగ్గుపడి దాచుకున్నాడు. ఆపరేషన్ ఆపించే పూచీ నీది. ఆ డాక్టరుకు నేను విడిగా రాస్తున్నాను. డ్రైవరును మాత్రం నెమ్మదిగా రమ్మను.

మీ బావ


ప్రియమైన బావకు,

క్షేమంగా ఇల్లు చేరామని రాయాల్సిన ఉత్తరం ఇది. క్షేమం లేదు.

మీ ఆస్పత్రిలో మొదటిసారి వెల్లకిలా పడుకోబెట్టి తీసినప్పుడు ఏమీ కనిపించలేదు, గుర్తుందా? గది గోడకున్న ఆ మందపాటి అద్దంలోంచి నిన్నే చూస్తున్నాను. దాన్ని బిగించినవాడెవడో అంచులకు పుట్టీ సరిగ్గా పూయలేదు, చెప్పడం మరిచిపోయాను. నీ మొహంలో నెత్తుటిచుక్క లేదు. నా మీద కన్నా నీ మీదే ఎక్కువ జాలేసింది. రెండోసారి కుడిపక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టాక కదా దొరికింది, వెన్ను పక్కనుంచి దారప్పోగంత తెల్లటి గీత. నువ్వు లోపలికి పరిగెత్తుకొచ్చి "కదలకు, కదలకు" అన్నావు. నేను కదిలితే కదా. నా చేతి రక్తమే తీసి అక్కడ అతుకు వేశారు, మేం పుట్టీ పెట్టినట్టే. లేచి కూర్చుంటే నొప్పి లేదు. అక్క ఏడ్చింది. నువ్వు ఎక్కడికో వెళ్ళిపోయావు.

ఆ ఆనందం ఇల్లు చేరిన మర్నాటికే అయిపోయింది. తల మళ్ళీ పగిలిపోతోంది. ఇప్పుడు మెడ వెనక కాదు, కళ్ళ వెనక, నుదుట. ఇదివరకు పడుకుంటేనైనా తగ్గేది. ఇప్పుడు ఆ సుఖమూ లేదు, పడుకుంటే ఇంకా పెరుగుతోంది. మంచం మీద ఉండలేక మెట్లు దిగి కొట్లోకి వచ్చాను. కోత బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను.

అతుకు ఊడిపోయి ఉంటుంది. లేదా నాకున్నది ఆ జబ్బే కాదేమో. నీ తప్పు అనడం లేదు బావా, సొంత అన్న కూడా అంత తాపత్రయపడడు. ఆపరేషన్‌కు ఎప్పుడొస్తావని ఆ డాక్టరు దగ్గర్నుంచి కబురొచ్చింది. సోమవారం వెళ్ళి నా తల ఆయనకు అప్పగించేస్తాను. ఇక వెతికించుకునే ఓపిక లేదు. మీ చెల్లెలికి ఇంకా చెప్పలేదు. "మళ్ళీ మొదలైందా" అని తను అడిగితే వినలేను.

నీ బావమరిది


ప్రియమైన నా బావమరిదికి,

నీ కవరు విప్పగానే నేను ముందు చూసింది మాటల్ని కాదు, సిరాని. నీలం సిరా, నేనిచ్చిన పెన్ను. తర్వాత మాటలు చదివితే గుండె గుభేలుమంది. మళ్ళీ చదివాను. ఈసారి నవ్వు ఆగలేదు. ఈయనకు కూడా తల జారిందనుకుంది మీ అక్క.

ఒరే, నీ అతుకు ఊడలేదు, పట్టింది. ఇన్నాళ్ళూ నీరు కారిపోతుండటానికి నీ ఒళ్ళు అలవాటు పడిపోయింది. ఇప్పుడు చిల్లు మూసుకుందన్న కబురు దానికింకా అందలేదు, లోపల ఒత్తిడి పెరిగింది. అందుకే పడుకుంటే నొప్పి, నిలబడితే హాయి. నొప్పి పూర్తిగా తిరగబడింది, చోటు కూడా మారింది. చిల్లు బాగా మూసుకున్నవాళ్ళలో కొందరికి ఇలా అవుతుంది, కొన్నాళ్ళకు సర్దుకుంటుంది. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకో. దీంతో పంపిన చీటీలోని మాత్రలు వేసుకుని, వారంలో అతుకు వేసిన మా డాక్టరుకు ఒకసారి కనిపించు. బరువులు ఎత్తకు, నడుం మెలితిప్పకు, నిచ్చెన జోలికి పోకు. ఇదంతా నిన్ను పంపేటప్పుడే చెప్పాల్సింది. ఆరోజు ఎక్కడికో వెళ్ళిపోయానన్నావు కదా, మెట్ల కింద నిలబడి ఏడుస్తున్నాను. ఆ గొడవలో మరిచిపోయాను.

ఈ ఉత్తరం చేరేలోపు నువ్వెళ్ళి తల అప్పగిస్తావేమోనని కొట్టుకు ఫోన్ చేశాను. చెల్లెమ్మ తీసింది.

"ఏం చేస్తున్నాడమ్మా?"

"కింద కొట్లోనే ఉన్నారన్నయ్యా. పొద్దుట్నుంచీ కోత బల్ల దగ్గరే. ఏదో చిరాగ్గా ఉన్నారు, అడిగితే చెప్పడం లేదు."

"పడుకోలేదా?"

"పడుకోమంటే కసురుతున్నారు. కూర్చోమన్నా కూర్చోవడం లేదు, పొద్దుట్నుంచీ నిలబడే..."

ఫోను కింద పెట్టిన చప్పుడైంది, అడుగులు కోత బల్ల దాకా వెళ్ళి వచ్చాయి.

"అన్నయ్యా, ఈయన నిలబడే ఉన్నారు."

నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. సోమవారం ప్రయాణం మానిపించే పని తనే చూసుకుంటానంది. మంచాన్ని ఏం చేయమంటారు, పుట్టింటికి పంపించేయనా అని కూడా అడిగింది. ఇదివరకటి నవ్వే నవ్విందిరా, నేను విన్నాను.

దీనికి జవాబు రాయకు. ఫోన్ చేయి. చెల్లెమ్మ చేత కాదు, నువ్వే చెవిన పెట్టుకుని మాట్లాడు. నా మాటలు నీళ్ళలోంచి వస్తున్నాయో, మామూలుగా వస్తున్నాయో చెప్పు. మీ అక్క ఇప్పటికే ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

నీ బొమ్మల బావ