ఉన్నది ఉన్నట్టు తీయబడును

1-1-1978, ఆదివారం. ఉదయం 11 గంటలు.
గుడిలో కొత్త సంవత్సరం ఆరాధన ముగించుకుని ఇప్పుడే వచ్చాను. "చిన్నప్పుడు నేర్చుకున్న మంచిలో ఇప్పుడు ఎంత మిగిలింది?" అని పాస్టరు గారు అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. నేను మాత్రం లేచి నిలబడి, ఈ సంవత్సరం అబద్ధమాడనని మాట ఇచ్చేశాను!

ఆళ్లగడ్డ సండే స్కూల్లో సంజీవయ్య సార్ చింతబరికెతో నేర్పించినవి:
1. అబద్ధమాడరాదు.
2. చేసిన తప్పు ఒప్పుకోవాలి.
3. (గుర్తు రావడం లేదు. రెండు చాలు.)

ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది. చెల్లెలు అరుణకుమారి నుదుటి మీద మచ్చ. చింతకాయల కోసం నేను విసిరిన రాయి దానికి తగిలింది. అప్పుడు దానికి ఆరేళ్ళు, నాకు పదేళ్ళు. "మెట్ల మీద జారి పడింది" అని అమ్మకు చెప్పాను. అమ్మ ఈ రోజుకూ ఆ మెట్లనే తిడుతుంది. ఈ నెలలోనే చెప్పేస్తాను.

2-1-78, సోమవారం. ఉదయం 9.
స్టూడియో గుమ్మానికి పలక కట్టాను: "ఇచ్చట ఉన్నది ఉన్నట్టు తీయబడును." ఇకపై నెగటివు మీద పెన్సిలుతో మచ్చలు చెరపను. ప్రింటు మీద కుంచెతో మీసాలు దిద్దను. నంద్యాల మొత్తంలో ఇలాంటి ఫోటోగ్రాఫరు నేనొక్కడినే!

సాయంత్రం 5.
మనసు ఎంత తేలికగా ఉందో. (ఎవరూ రాలేదు.)

5-1-78, గురువారం.
గడియారాలు బాగుచేసే నా స్నేహితుడు హుస్సేన్ వలి, మొన్న తీయించుకున్న ఫోటో కోసం వచ్చాడు.
"ఏందన్నా ఇది? అమ్మోరు మచ్చలన్నీ అట్లే పెట్టినావే!"
"ఉన్నవే కదా వలీ."
"ఉండాయని నాకు తెల్దా? మొగము నాది, మచ్చలు నావి. మధ్యలో నీ నీతి ఏందన్నా?"
ఫోటో బల్ల మీదే పడేసి పోయాడు. సాయంత్రం దాకా నన్ను చూసి నేనే గర్వపడ్డాను. ఆ తర్వాత మచ్చలు చెరిపి ఇంకో ప్రింటు వేసి పంపాను. స్నేహితుణ్ణి బాధపెట్టడం కూడా తప్పే. బహుశా సార్ నేర్పిన మూడోది అదే.

9-1-78, సోమవారం.
సంజీవయ్య సార్ దగ్గర నుంచి ఉత్తరం! వాళ్ళబ్బాయి ప్రభుదాసుకు మా అరుణను అడుగుతున్నారు. ఆళ్లగడ్డలో పశువుల ఆసుపత్రిలో కాంపౌండరట. అరుణ ఫోటో పంపమన్నారు, అబ్బాయిది జతపరిచారు.

అబ్బాయి బాగున్నాడు. ఒత్తైన జుట్టు. ఆ జుట్టు నాకు బాగా తెలుసు. పోయిన వేసవిలో ఒక బట్టతల మనిషికి నేనే నల్లరంగుతో దిద్దాను. పాపట దగ్గర కుంచె జారిన చోటు కూడా అలాగే ఉంది. ఆయన సార్ కొడుకని అప్పుడు నాకేం తెలుసు!

అరుణ ఆ ఫోటోను బైబిల్లో పెట్టుకుంది. రోజుకు పదిసార్లు బైబిల్ తెరుస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళకు దాని ముఖంలో ఆ కళ చూస్తున్నాను. ఎవరూ నన్ను అడగలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు.

12-1-78, గురువారం.
అరుణ ఫోటో తీశాను.
"మచ్చ చెరపొద్దన్నా. నీ పలకలో రాసినట్టే, ఉన్నది ఉన్నట్టు."
సరే అన్నాను. చెరిపేశాను. కేవలం దాని మంచి కోసమే! మచ్చ కనిపిస్తే ఎలా తగిలిందని అడుగుతారు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.

పలక వానకు తడుస్తుందని లోపల పెట్టాను. జనవరిలో వాన ఏమిటని మా ఆవిడ లూదియా అడిగింది. జవాబు చెప్పలేదు. అబద్ధమాడరాదు కదా.

21-1-78, శనివారం. మధ్యాహ్నం 3.
పిల్లను చూడటానికి వచ్చారు. సార్ భార్య అరుణ నుదురు చూసి ఆగిపోయింది.
"ఫోటోలో ఈ మచ్చ లేదే! ఏం దెబ్బమ్మాయ్?"
మా అమ్మ హన్నమ్మ అందుకుంది. "చిన్నప్పుడు మెట్ల మీంద జారి పడింది వదినా. పాడు మెట్లు!"
అరుణ నా వైపు చూసింది. చెప్పాలి. నోరు తెరిచాను.
"కాఫీ చల్లారిపోతాంది, తాగండి" అన్నాను.

అప్పుడు ప్రభుదాసు తలకు చుట్టుకున్న మఫ్లర్ తీసేశాడు. గదిలో వెలుతురు పెరిగింది.
"ఫోటోలో నా జుట్టు గూడా రంగేనమ్మా. నేనే అడిగి ఏయించుకున్నా, ఈ అన్నతోనే. ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పండి."
అరుణ నవ్వింది. సంబంధం కుదిరిపోయింది!

వెళ్తూ వెళ్తూ సంజీవయ్య సార్ నా చెవిలో అన్నారు: "మావోడు అట్లే అంటాడులే. పెండ్లి ఫోటోలో జుట్టు పెట్టు దేవరాజూ. నలుగురూ చూసేది."

సాయంత్రం 6.
గ్లాసులు కడుగుతూ అరుణ అంది: "ఆ మనిషి నన్ను చూసి అరగంట కాలా, ఉండేది చెప్పేసినాడు. నువ్వు చెప్తావని నేను ఇరవై రెండేండ్లు చూసినా అన్నా. అమ్మకు నేను ఒక్కనాడూ చెప్పలా, నువ్వే చెప్పాలని."
కడిగిన గ్లాసునే తీసుకుని మళ్ళీ కడిగాను.
"పెండ్లి ఫోటోలు ఆళ్లగడ్డలో వేరేవాళ్లతో తీయించుకుంటాంలే. నువ్వు ఊరికే కూచో."
సిగ్గుతో చచ్చిపోయాను.

6.30.
పలక మీద దుమ్ము దులిపి మళ్ళీ గుమ్మానికి కట్టాను. ఈసారి గట్టిగా! రాయి విసిరింది నేనేనని రేపే అమ్మకు చెప్పేస్తాను.
రేపు ఆదివారం. గుడికి పోయే మనిషి మనసు పాడు చేయకూడదు.
సోమవారం ఉదయం. కచ్చితంగా.
అమ్మ అడిగితే.