తొట్టె నీళ్ల సీసా

ఉద్దానం,
12-8-2004

బావగారికి,

అక్క నిన్న ఫోనులో ఒకటే బాధ. "కొత్త తొట్టి నీళ్లు సేపలకి పనికిరావని రిపోర్టొచ్చిందిరా తమ్ముడూ. మీ బావ మూడుసార్లు కడిగీసేరు," అంది.

ఇక కడగకండి. పరీక్షకని మీరు నా చేతికిచ్చిన సీసాలోని తొట్టె నీళ్లు మీరు పనిచేసే నీటి పరీక్షల లేబు గేటు దగ్గర కొబ్బరి మొక్కకు పోశాను. దారిలో తాగడానికి తెచ్చుకున్న మా వీధి బోరు నీళ్లు అందులో నింపి ఇచ్చాను.

మా వీధిలో ఆరుగురికి కిడ్నీలు పోయాయి, ఆ బోరు నీళ్లు పరీక్షించండని మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాం. "సిబ్బంది లేరు" అని జవాబు రాసింది తమరే. చేపల కోసమనేసరికి రెండు రోజుల్లో సిబ్బంది ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చారు? మనిషి నీళ్లు తాగాలంటే ముందు మొప్పలు మొలిపించుకోవాలా?

మీ సంతకమున్న ఆ రిపోర్టు నకలుతో సోమవారం కలెక్టరుగారిని కలుస్తున్నాం. ఈలోగా మీరే వచ్చి బోరు మూయించి, ట్యాంకరు పెట్టిస్తే ఆ ఘనత మీదేనని చెబుతాను.

చేపల్ని నిశ్చింతగా వదలండి. మీరు వస్తే గడపలోనే మీ చెల్లెలు గ్లాసుడు మంచినీళ్లు అందిస్తుంది. ఇంటి మర్యాద, కాదనకండి.

మీ బావమరిది