మేనత్త పంపిన దిండు

టెక్కలి దగ్గర మన ఊరు,
మే, 1986.

చిరంజీవి తమ్ముడు తవిటయ్యకు అప్ప నూకాలమ్మ దీవించి రాయునది.

మేనల్లుడు పుట్టాడన్న కబురుకి ఇంటిల్లిపాదీ గెంతులేశాం. వాడి తల గుండ్రంగా కుదరాలని చోళ్లు పోసి దిండు కుట్టాను. ఖరగ్‌పూర్ వస్తున్న మనూరి జగ్గారావు చేతికిచ్చాను. దిండు విప్పొద్దు. రోజూ ఎండ చూపించు. తొలకరికి ముందు నాకు తిరిగి పంపించెయ్యి. కార్డు కదా, ఇంతకంటే రాయను.

నీ మేలు కోరే అప్ప.

తా.క. నిజంగానే విప్పొద్దు.

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్.

అప్పకు తవిటయ్య నమస్కరించి, కొంచెం అలిగి రాయునది.

దిండు అందింది. మా రైల్వే క్వార్టర్ల లైన్లో తెలుగువాళ్లంతా వచ్చి చూశారు. పక్క క్వార్టరు ఎలీసమ్మ పిల్లాడి తల నిమిరి, రాగుల దిండు మహిమ, అప్పుడే గుండ్రంగా అయిపోయిందంది. అంతా బాగుంది గానీ, మేనత్త పెట్టిన దిండు తిరిగి ఇమ్మంటుందా? నీ మరదలు గంగాభవాని మూతి ముడుచుకుంది. "ఇచ్చిందేటి, అడిగిందేటి? మనకి దిండు గతి నేదనుకున్నాదా మీ యప్ప?" అంటోంది. వర్క్‌షాపులో అందరికీ గొప్పగా చెప్పేశాను. దిండు ఇవ్వం.

తవిటయ్య.

తా.క. పిల్లాడు దాన్ని రోజూ తడుపుతున్నాడు. అయినా ఇవ్వం.

మన ఊరు, జూన్.

తమ్ముడికి అప్ప గాభరాగా రాయునది.

ఓరి నా తండ్రీ, అది దిండు కాదు, మన మెట్ట చేనుకి విత్తనం. ఇప్పుడంటే కవరు కొని రాస్తున్నాను గానీ, కార్డు మీద ఎలా రాయను? ఇక్కడ కార్డు ఊరంతా చదివాకే డబ్బాలో పడుతుంది. విత్తనం ఉందని తెలిస్తే అందరూ బదులడుగుతారు, నేను లేదనలేను. పోయినేడు ఆషాఢంలో గాదె అడుగు కనబడింది. పిల్లల ఏడుపు వినలేక నా చేత్తోనే విత్తనం తిరగల్లో విసిరి అంబలి కాచాను. నాలుగు పూటలు తాగాం, ఏడాదంతా చేను బీడు. అందుకే ఈ ఏడు కూలికి కొలిచిన చోళ్లు విత్తనానికి దాచి, నా చేతికి అందకుండా అంత దూరం పంపాను. తొలకరి పడింది, ఊళ్లో నారుమళ్లు పచ్చబడ్డాయి. వెంటనే పంపు.

అప్ప.

తా.క. తడుపుతున్నాడంటే ఏటి? ఎంత తడుపుతున్నాడు?

ఖరగ్‌పూర్, జూలై.

అప్పకు తవిటయ్య సాష్టాంగపడి రాయునది.

కోప్పడకుండా చివరిదాకా చదువు. నువ్వు విప్పొద్దన్నావని గంగాభవాని దిండుని విప్పకుండానే బకెట్లో ముంచి ఉతికింది. పెరట్లో ఆరేస్తే వాన పట్టుకుంది. వాసనేస్తోందని అక్కడే వదిలేశాం. నీ ఉత్తరం చూసి పరుగెత్తితే, దిండుకి పచ్చగా జుట్టు మొలిచి ఉంది. అప్ప ఏడాది తిండి ఉతికేశామని మెట్ల మీద కూలబడ్డాను. గంగాభవానే వంగి చూసి, "ఇది నారు కాదేటి? ఊళ్లో నాటేది దీన్నే కదా" అంది. కుట్లు విప్పి కుళాయి పక్కన మట్టిలో పరిచాం. లైనంతా నీళ్లు పోసింది. ఇప్పుడు జానెడు ఎత్తుంది. సెలవు పెట్టాను, పాసు రాయించాను. తడిగోనెలో చుట్టుకుని రేపటి బండికి నేనే వస్తున్నాను.

తవిటయ్య.

తా.క. దీనికంటే ముందు నేనొచ్చేస్తే ఇది చదవకు.

మన ఊరు, ఆగస్టు.

తమ్ముడికి, మరదలికి అప్ప సంతోషంతో రాయునది.

నువ్వు తిరిగి బండెక్కాక నీ ఉత్తరం వచ్చింది. చదివేశాను. నారంతా బతికింది, చేను చూస్తే కడుపు నిండిపోతోంది. ఒక నిజం చెప్తాను, ఎవరితో అనకు. నువ్వొచ్చిన నాడు మా ఇంట్లో గింజ లేదు. నువ్వు గోనె దించగానే నేను పొయ్యి వైపే చూశాను. అందులో చోళ్లు ఉంటే ఆ పూటే కాచేసేదాన్ని. నారు కాచుకోలేం కదా, అందుకే నాటాను. కొత్త చోళ్లతో పిల్లాడికి మొదటి జావ నేనే పట్టాలి.

మీ అప్ప.

తా.క. వచ్చే ఏడూ దిండు పంపుతాను. అప్పటిదాకా పిల్లాడికి తడపడం మాన్పించకండి.