వారానికో గుప్పెడు

అమ్మా, నేను బాగానే ఉన్నాను, నా తిండి గురించి బెంగ పెట్టుకోకు.

కాలేయం ముక్క ఇవ్వడానికి నేను ఒళ్లు తగ్గేదాకా తమ్ముడు ఆగలేకపోయాడని ఆసుపత్రిలో పథ్యం చెప్పే ఆవిడకి తెలీదు. నిన్న అలవాటుకొద్దీ వెళ్తే తూకం చూసి, "సరిపోయావమ్మా, ఇక తగ్గకు. వారానికో గుప్పెడు అన్నం పెంచు, బరువు నిలిచినచోట ఆపు. ఆపరేషనెప్పుడు?" అంది. "వాయిదా పడింది" అనేసి వచ్చాను.

కుట్టుమిషను తొక్కుతుంటే కళ్లు తిరుగుతున్నాయని గుప్పెడు పెంచాను.

నా పాత జాకెట్లు పంపు, ఈ కొలతకి కుట్లు బిగిస్తాను. మరదలు వేళకి తింటోందా? ఆదివారం ఫోన్ చేసి "అక్కా, ఎంత తగ్గావ్?" అనడానికి వాడు లేడు. నువ్వు చెయ్యి.

నాన్నకి నమస్కారాలు. వాడి కోసం చేసుకున్న ఒళ్లమ్మా ఇది, ఇలాగే ఉంచుకుంటాను.

నీ పెద్దమ్మాయి