కోఠి నుంచి నడిచి వచ్చిన టై

ఎల్బీ నగర్,
29-10-2011.

చిరంజీవి సౌభాగ్యవతి సింధుకి,

మీ నాన్న మనసారా దీవించి రాస్తున్నాడు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, అన్నయ్యా, కొత్త వదినా అంతా కులాసా. పుణెలో నువ్వూ, అల్లుడు కార్తీకూ, నెల దాటిన మా మనవరాలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి మీ అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరితోనే పచ్చడి చేసింది. పిల్ల ఫోటో ఎదురుగా పెట్టుకుని నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. డాక్టరు కదలొద్దన్నాడని నువ్వు అక్కడే ఉండిపోతే, ఇక్కడ పెళ్ళి పనులతో మీ అమ్మ కాన్పుకి రాలేకపోయింది. ఆ లోటు తెలియకుండా నిన్ను చూసుకున్న మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ రుణం తీర్చుకోలేనిది.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. పెళ్ళిలో అటూ ఇటూ తిరిగి వాచింది గానీ ఇప్పుడు తగ్గింది. "నాకేమిటి, గుండ్రాయిలా ఉన్నాను" అంటూనే నా చేత రోజూ నూనె రాయించుకుంటోంది.

గొడవల్లో మాకేమైనా ఇబ్బంది అయిందా అన్నావు. సకల జనుల సమ్మె అయిపోయిందమ్మా. బస్సులు తిరుగుతున్నాయి. మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎదురింటి కౌసల్యమ్మ గారు సమ్మె రోజుల్లో మనకీ కలిపి పాలు తెచ్చేది. తెలంగాణ రావాలని ఊరేగింపుకి వెళుతూ వెళుతూ మన గేటుకి పాల సంచీ తగిలించి వెళ్ళేది. ఇలాంటి మనుషుల మధ్య ఉండి కూడా నేనెందుకు భయపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఆ సిగ్గు సంగతే రాయబోతున్నాను.

"అన్నయ్య టై వదిన చీరకి అచ్చు గుద్దినట్టు కలిసింది. ఆ రంగు దొరకలేదన్నావుగా, ఎక్కడ సంపాదించావు నాన్నా?" అని రాశావు. రిసెప్షన్ ఫోటోలు చూసి గొప్పంతా నాకే కట్టబెట్టేశావు. ముప్పై ఏళ్ళు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా మెడకి టై బిగించుకుని డాక్టర్ల గుమ్మాల్లో నిలబడ్డవాణ్ణి కాబట్టి నీకలా అనిపించడం సహజమే. చొక్కా కన్నా టై ముదురు రంగుండాలని, చారల మీద చారలు పనికిరావని, టై కొస బెల్టు దగ్గర ఆగాలని మిమ్మల్ని చిన్నప్పటి నుంచీ చంపుకు తిన్నవాణ్ణే. కానీ ఆ గొప్ప నాది కాదు. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ చెవులు ఇక్కడే ఉంటాయి. అందుకని ఉత్తరం.

పెళ్ళికి పది రోజుల ముందు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద సూటు కొనడానికి వెళ్ళాం. పెళ్ళికొడుక్కి సూటు పెట్టేది పిల్ల తండ్రి కదా, మీ వదిన నాన్న దశరథ గారు తుర్కయంజాల్ నుంచి వచ్చారు. ఆయన ఆర్టీసీ డ్రైవరు, సమ్మెలో ఉన్నారు. జీతం లేదు. అయినా మంచి సూటే చూపించమన్నారు. నీలం సూటు, తెల్ల చొక్కా ఖాయం చేశాం. అప్పుడాయన జేబులోంచి ఒక జాకెట్టు ముక్క తీశారు.

"రిసెప్షన్‌కు మా బిడ్డ శ్రీకళ కట్టే చీర గిదే రంగు బావగారు. మా అమ్మ మనసువడి తీసింది. టై గిట్లనే కలవాల్నని బిడ్డ ఒక్కతీరుగ చెప్పింది" అన్నారు.

నిండు గులాబీ. బయట రోడ్డు పొడుగునా రెపరెపలాడుతున్న తెలంగాణ ఉద్యమ జెండాల రంగు.

తణుకు నుంచి మీ రామారావు మావయ్యతో సహా మనవాళ్ళు ఇరవై మంది వస్తున్నారు. వాళ్ళ ముందు నా కొడుకు ఆ రంగు మెడలో వేసుకుని నిలబడితే, మన జోగారావు ఇక్కడి వాళ్ళకి భయపడి జెండా కట్టించాడంటారని ఊహించేసుకున్నాను. ఎవరూ అనకముందే అన్నీ నేనే అనేసుకున్నాను. మీ అన్నయ్య లోపల సూటు తొడిగి చూసుకుంటున్నాడు, దశరథ గారు దర్జీతో మాట్లాడుతున్నారు. అంతయ్య అనే సేల్స్‌మేన్ని పక్కకి పిలిచి, "గులాబీ టైలు లోపల పెట్టెయ్యి బాబూ, అడిగితే లేవని చెప్పు" అన్నాను. అతను నా మొహం ఒకసారి చూసి, ట్రే తీసి బల్ల కింద పెట్టేశాడు.

దశరథ గారు వచ్చి, "ఒక్కటి గూడ లేదా?" అన్నారు. అంతయ్య నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. "అంతా వెతికించానండీ బావగారూ, లేదు. బూడిద రంగు తీసుకుందాం, దేనికైనా నప్పుతుంది." అప్పటికి సూటు చూసుకుని బయటికొచ్చిన మీ అన్నయ్య ప్రసన్న నా పక్కనే నిలబడి విన్నాడు. నీలం సూటు, తెల్ల చొక్కా మీదికి గులాబీని మించిన టై లేదని నాకు తెలుసు సింధూ. తెలిసీ అబద్ధమాడాను.

రిసెప్షన్ రోజు ఆటోలు కూడా బంద్ చేశారు. సాయంత్రం అయిదింటికి ఫంక్షన్ హాల్లో నేను కుర్చీలు లెక్క చూస్తుంటే దశరథ గారు వచ్చారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఒక చెప్పు ఉంగటం తెగితే పిన్నీసు పెట్టుకున్నారు. నన్నొక్కణ్ణే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కాగితం పొట్లం విప్పి చేతిలో పెట్టారు.

"పెండ్లి పనులల్ల ఇయ్యాల్నే తీరింది. కోఠిల దొరికింది బావగారు. జర వెలుతుర్ల చూడుండ్రి, కలిసిందా? కడితే కట్టుండ్రి, వద్దనుకుంటే వద్దు. మీ ఇష్టం."

"కోఠి నుంచా? ఎలా వచ్చారు?"

"నడిచి. బస్సులు ఆపినోన్ని నేనే గద, నడవకుంటె ఎట్ల?" అని నవ్వారు.

మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా పోయి, మళ్ళీ అదే దారిన వచ్చాడు ఆ మనిషి. జాకెట్టు ముక్క పక్కన పెట్టి చూశాను. పోగు తేడా లేదు. ఆ పొట్లం నా జేబులో పడేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాను. నిజం చెబుతున్నానమ్మా, జేబులో పెట్టేసుకుందామనే అనిపించింది. ఆ తెగిన చెప్పు చూశాక మనసొప్పలేదు. వెళ్ళి మీ అన్నయ్య మెడలోని బూడిద రంగు టై విప్పి, నా చేత్తోనే గులాబీది కట్టాను. ముడి సరిగ్గా పడటానికి మూడుసార్లు విప్పాల్సొచ్చింది.

మీ రామారావు మావయ్య వేదిక ఎక్కి, పిల్లనీ పిల్లాణ్ణీ ఎగాదిగా చూసి, "బావా, జంట భలేగా కలిసిందయ్యా! టై నువ్వే ఎంచావా?" అన్నాడు. అంతే. ఇంకెవరి నోటా జెండా మాటే రాలేదు.

మొన్న దీపావళికి కొత్త అల్లుణ్ణి, కూతుర్ని తీసుకెళ్ళడానికి దశరథ గారు పొద్దున్నే వచ్చారు. మీ అమ్మ వంటింట్లో ఉంది. వరండాలో ఇద్దరమే కూర్చున్నాం. ఇక ఆగలేకపోయాను. దాచమన్నది నేనేనని, భయపడ్డానని, మన్నించమని చెప్పేశాను.

ఆయన తల ఊపారు. "నాకు ఎరుకే బావగారు. అంతయ్య మా ఊరోడు. గా దినమే ఫోన్ చేసిండు."

"తెలిసి కూడా కోఠి దాకా ఎందుకు నడిచారండీ? ఆ షాపులోనే కొనుక్కోవచ్చు కదా, టై అక్కడే ఉందాయె" అన్నాను.

"ఆడనే కొంటే లేదన్న మీ మాట అబద్ధమైతుండె గద. అల్లుడు పక్కన నిలవడి విన్నడు. పెండ్లి పూట కొడుకు ముంగట తండ్రి మాట పోవద్దు. బిడ్డ ముచ్చట గూడ తీరాలె. గందుకే కోఠికి పోయిన" అన్నారు, రోడ్డు వైపు చూస్తూ.

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. కళ్ళు తుడుచుకుంటుంటే లోపల్నించి మీ అమ్మ కాఫీ గ్లాసులతో వచ్చి, "ఏమిటండీ, వియ్యంకులిద్దరూ గుసగుసలు?" అంది.

"ఏం లేదక్కా," అన్నారాయన నాకన్నా ముందే. "టై ముడి ఎట్లెయ్యాల్నో బావగారు నేర్పుతున్నరు."

మళ్ళీ నన్ను కాపాడారు. మీ అమ్మకీ అన్నయ్యకీ మాత్రం నిజం నేనే చెప్పుకోవాలి. ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి, ముందు మీ అమ్మ దగ్గర కూర్చుంటాను.

ఇట్లు,
మంచి బావని సంపాదించుకున్న
మీ నాన్న