పిండి గురించి అడగలేదు

సల్మాకు,

బాసిత్ సలాం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ క్షేమం అడగను, పచ్చడి డబ్బాలో పెట్టి పంపిన నీ ఉత్తరంలో అంతా చదివాను. నువ్వు ఉర్దూలో రాస్తే నేను తెలుగులో రాస్తున్నానని కోపం తెచ్చుకోకు. అమ్మీకి తెలుగు చదవడం రాదు. ఇది ఫోన్‌లో చెబుదామంటే ఎప్పుడూ ఆమె మంచం పక్కనే ఉంటావు.

నువ్వడిగినవి ముందు చెబుతాను. స్వెటర్ సరిపోయింది. సెలవు దొరకలేదు. చలి తగ్గలేదు, మా దుకాణం ముందు లైనూ తగ్గలేదు. ఇంగ్లీషు వాళ్ళకు మేం అమ్మే ఈ ‘మీట్ పై’ అంటే అంత పిచ్చి. పిండిని గిన్నెలా చేసి, మాంసం నింపి, పిండితోనే మూత వేసి కాలుస్తారు. తాతలు గనుల్లోకి కట్టుకుపోయేవారట, ఇప్పుడు మనవలు బస్సుల్లో తింటున్నారు. కారం లేని ఈ తిండిలో ఏముందని మొదట్లో నవ్వేవాణ్ణి. ఊరికి పోయేవాళ్ళ చేత పంపింది తిని అమ్మీకి నచ్చాక నవ్వడం మానేశాను.

దవాఖాన నుంచి కల్వకుర్తి ఇంటికి తెచ్చాక ఆమె గంజి కూడా ముట్టడం లేదని రాశావు. "నా కొడుకు పంపిందే తేండ్రి" అంటోందన్నావు. నువ్వు ఖీమా పెట్టి, నెయ్యి పోసి, చోటే మియా బేకరీలో కాల్పించి తెస్తే, ఒక్క ముక్క నమిలి ఉమ్మేసి "ఇది గది గాదు. గా వాసన లేదు" అన్నదట. అక్కడ ఏం కలుపుతారో రాయమన్నావు.

మొదటిసారి పంపినప్పుడు మాంసం నేనే హలాల్ దుకాణంలో కొని మా యజమాని ముసలావిడకు ఇచ్చాను. కత్తి వేరు, గిన్నె వేరు పెట్టించాను. పిండి గురించి అడగలేదు. పిండంటే మనకు పిండే కదా సల్మా. ఆ తర్వాత నెలకు నన్ను పిండి పిసికే పనికి మార్చారు. అందులో నీళ్ళతో మరిగించి పోసేది పంది కొవ్వు.

అప్పుడు తెలియక పంపాను, అల్లా మాఫ్ చేస్తాడు. రెండోసారి నాకు తెలుసు. ఎనిమిది రోజులుగా ఏమీ తినలేదని నువ్వు ఏడిస్తే, తెలిసే పంపాను. బిస్మిల్లా అని సగం తిని లేచి కూర్చుందని నువ్వు ఫోన్‌లో సంతోషపడ్డావు. నేను బాత్రూంలోకి పోయి తల గోడకు కొట్టుకున్నాను. ఐదు పూటల నమాజు తప్పని మనిషికి, కన్నకొడుకే తినిపించాడు.

వెన్నతో చేసి చూశాను. ఆ వాసన రాలేదు.

డాక్టరు ఎక్కువ రోజులు లేవన్నాడట కదా. మూడోది కట్టి, సెలవు మీద బల్మూర్ పోతున్న ఇక్కడి నా దోస్తు శేఖర్ చేత ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. డబ్బా తెరవకముందే ఇది చదవమని నీకు చెప్పమన్నాను. పెడితే పాపం నాది. పారేస్తే ఆమె ఆకలి కూడా నాదే. తేల్చుకునే ధైర్యం లేక నీ నెత్తిన వేస్తున్నాను, తిట్టుకో.

పెట్టేటప్పుడు ఆమె అడిగితే మాత్రం, పిండి ఆమె కొడుకే తన చేతులతో పిసికాడని చెప్పు. అది అబద్ధం కాదు.

ఇట్లు,
ఆమె కొడుకు, నీ మొగుడు,
బాసిత్